రీళ్ళరాయుడు

ఆమదాలవలసకు చిరకాలముగా ఒక మనోవ్యథ కలదు. హౌరా నుండి మదరాసునకు పోవు పెద్దలైను మీద, జిల్లాకంతటికి గుమ్మమై, రేయింబవళ్ళు జనమును దింపుచు ఎక్కించుచు ఈ ఊరిలోనే వెలసిన స్టేషనునకు రైల్వేవారు పెట్టిన పేరు శ్రీకాకుళం రోడ్డు. స్థలము ఒకరిది, పేరు వేరొకరిది. ఈ పరాభవమునకు ప్రతిక్రియ చేసి, ఊరి పేరును అమెరికాదాక మ్రోగించుటకే తాను జన్మించితినని దృఢముగా నమ్మిన మహాపురుషుడు రీళ్ళరాయుడు. ఆధారుకార్డులో ఆతని పేరు వేరే ఏదో ఉన్నది. దానిని బ్యాంకువారు తప్ప ఇతరులు వాడరు. వృత్తిచేత బట్టలకొట్టు యజమాని. ప్రవృత్తిచేత, ఆతని మాటలోనే చెప్పవలెనన్న, ‘కంటెంట్ క్రియేటర్’. ఇట్టివాడు నేడు బొబ్బిలిలోను, నరసన్నపేటలోను, పార్వతీపురములోను బజారుకొక్కడు చొప్పున దర్శనమిచ్చుచున్నాడు గనుక, ఒక్కని చిత్రించినచో అందరిని చిత్రించినట్లే.

రాయుని తండ్రిగారి కాలమున వ్యాపారప్రకటనకు ఒక మర్యాద ఉండెడిది. దసరాకు ముందు రిక్షాకు మైకు కట్టి ఊరు తిప్పెడివారు. వెంటబడిన పిల్లలకు రంగుకాగితములు విసరెడివారు. సినిమాహాలులో విశ్రాంతివేళ స్లైడు వేయించెడివారు. సంక్రాంతికి లక్ష్మీదేవి పటము క్రింద కొట్టు పేరు అచ్చువేయించిన క్యాలెండరు పంచెడివారు. ఏటికి ఈ నాలుగు క్రతువులు ముగిసిన పిమ్మట, మిగిలిన దినములన్నియు పెద్దాయన గజముబద్ద పట్టుకొని బట్ట కొలిచెడివాడు. కుమారుడు ఈ నిష్పత్తిని తారుమారు చేసినాడు: ఏడాది పొడవున ప్రకటన, తీరిక చిక్కినప్పుడు బట్ట.

ఉదయమున కొట్టు తెరచినంతనే, లక్ష్మీపటము ముందు దీపము వెలుగుటకు పూర్వమే, గల్లాపెట్టె ముందు రింగులైటు వెలుగును. నిన్నటిదాక బట్టలు మడతపెట్టిన కుర్రవాడు నేడు కెమేరామన్. ఇల్లాలు పట్టుచీర కట్టినచో అది పేరంటమునకు గాదు, థంబ్‌నెయిలునకు. ఎదుట సెల్‌ఫోను నిలువగానే రాయుని కంఠమునుండి సిక్కోలు యాస పలాయనము చిత్తగించి, ఏ ఊరిదో చెప్పనలవిగాని టీవీ తెలుగు ప్రవేశించును. “హాయ్ ఫ్రెండ్స్! వెల్‌కమ్ బ్యాక్! ఈ చీర రేటు వింటే షాకైపోతారు!” చూచిన ఆడవారు షాకైన మాట నిజమే, రేటు వినబడనందుకు. ఎంత అని అడిగినవారికెల్ల ఒకటే సమాధానము: “ఇన్‌బాక్సులో అడగండి అక్కా.” ఇన్‌బాక్సులో అడిగిన అక్కలకు బదులు వ్రాయుటకు మాత్రము ఆతనికి తీరిక లేదు, మరునాటి రీలు తరుముకొని వచ్చుచుండును.

2020 జూన్ 29న కేంద్రప్రభుత్వము టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు రాయుడు ఆ పూట అన్నము ముట్టలేదు. కాని మైల పదిదినములు తీరకమునుపే, జూలై 8న, ఇన్‌స్టాగ్రామువారు మనదేశమున రీళ్ళను ప్రవేశపెట్టిరి. సెప్టెంబరులో యూట్యూబు షార్ట్స్ వచ్చెను. రాయుడు పునర్జన్మ ఎత్తెను. నాటినుండి ఆతడు కొలుచుచున్న దైవము ఒక్కటే: అల్గారిథము. అరసవల్లి సూర్యనారాయణస్వామి కంటికి కనబడు దైవము, ఏ మ్రొక్కునకు ప్రసన్నుడగునో మన పెద్దలకు తెలియును; ఈ కనబడని దైవము ఎప్పుడు కరుణించునో, ఎందులకు అలుగునో ఎవరికిని తెలియదు. తొలి మూడు సెకనులలో చూచువాని బొటనవ్రేలు ఆగనిచో వీడియో పాతాళమునకు పోవునని ఒకడు చెప్పగా, రాయుడు తొలి మూడు సెకనులు కేకలు వేయ నారంభించినాడు. ఎంతసేపు చూచిరన్నదే ప్రధానమని మరియొకడు చెప్పగా, ధర చెప్పుదునని ఊరించి కడదాక చెప్పకుండుట అభ్యసించినాడు.

ఒకనాడు పల్లెనుండి వచ్చిన వృద్ధుడొకడు గుమ్మములో నిలిచి, “బావూ, ఒక తువ్వాలు గావాల” అన్నాడు. రాయుడు చేతితో ఆగుమని సైగ చేసినాడు. ట్రెండింగు పాటకు చీర గాలిలో తేలియాడు దృశ్యము నడుచుచున్నది. ఫ్యాను గాలి చాలక రెండుసారులు, కుర్రవాని వ్రేలు అడ్డుపడి మూడవసారి, తీరా అంతయు కుదిరిన క్షణమున వృద్ధునికి దగ్గు వచ్చి నాలుగవసారి ఆ చీర నేలకు దిగినది.

“ఏటి బావూ, తువ్వాలిస్తావా, ఎలిపోమంతావా?”

“కుసింత పక్కకి జరుగు తాతా, ఫ్రేములో పడిపోతన్నావు.”

తాత జరిగినాడు; జరిగి జరిగి ఎదుటి కొట్టులో తేలినాడు. అచ్చట కెమేరా లేదు, తువ్వాలు ఉన్నది. దగ్గు వినబడిన ఆ ముక్కనే కుర్రవాడు పొరపాటున పోస్టుచేయగా అదియే వైరలైనది. దగ్గుకు వచ్చిన లైకులు నేటివరకు ఏ చీరకును రాలేదు.

ఆ దాపుననే పొందూరు ఉన్నది. గాంధీగారిని సైతము ముగ్ధుని చేసిన సన్నని ఖాదీ అచ్చటిది. అచ్చటి స్త్రీలు వాలుగచేప దవడయెముకతో పత్తిని దువ్వి, రాట్నముమీద నూరవనంబరు నూలు తీయుదురు. రాయుడు పోయి ఆ దవడను మిక్కిలి దగ్గరగా చిత్రీకరించి, గంభీరమైన వాద్యఘోష జతచేసి లోకము మీదికి వదలినాడు. వేలమంది చూచిరి. డల్లాసునుండి ఒకామె చీర అడిగినది. బెంగళూరునుండి ఒకాయన చొక్కాగుడ్డ అడిగినాడు. తక్కినవారు ఆ చేప పులుసుకు బాగుండునా, ఇగురుకు బాగుండునా అని అడిగిరి. రాయుని అలమారులలో ఉన్నది సూరతు పాలియెస్టరు. ఖాదీ కోరినవారు ఖాదీ అమ్మువారిని వెదకికొనిరి. చేప సంగతి మాత్రము రాయునికి మిగిలినది.

ఎవరైన హితవు చెప్పబోయినచో ఆతడు హైదరాబాదు మాదాపురములో రోడ్డుప్రక్క భోజనము వడ్డించు కుమారి ఆంటీ కథ ఎత్తుకొనును. 2024 ఆరంభమున ఆమె వీడియోలు ఊరంతయు ప్రాకి, జనము క్రిక్కిరిసి, వాహనములు నిలిచిపోయి, పోలీసులు అచ్చటినుండి తీసివేయుమనగా, ముఖ్యమంత్రియే కలుగజేసుకొని అచ్చటనే నడుపుకొననిచ్చిరి. తన కొట్టు ముందును అట్లే ట్రాఫిక్ నిలువవలెనని రాయుని కల. నిలిచిన జనమునకు పెట్టుటకు ఆమె గిన్నెలలో అన్నము, కూర ఉన్నవన్న సంగతి మాత్రము ఆతని దృష్టికి రాలేదు. అంతకు పూర్వపు కథయు ఆతడెరుగడు. 1893లో బొంబాయిలో అమృతాంజనమును నెలకొల్పిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు సంగీతసభలలో దానిని ఉచితముగా పంచిపెట్టిరి. తల నొచ్చినవాడు రాసికొనెను, నొప్పి తగ్గెను, పిమ్మట తానే వెదకికొని పోయి సీసా కొనెను. ఆ వ్యాపారము నిలదొక్కుకొనుటచేతనే 1908లో ఆంధ్రపత్రిక పుట్టగలిగెను. రాయుడును ఉచితముగానే పంచుచున్నాడు, పంచునది తలనొప్పి.

ఇందు ఫోను చేసిన పాపమేమియు లేదు. రిక్షామైకు పది వీధులకు వినిపించినదానిని అది పది దేశములకు వినిపించుచున్నది. తెలివిగా వాడుకొన్నవాడు పలాస జీడిపప్పునైనను, బుడితి ఇత్తడిచెంబునైనను ఇంటినుండియే ఏ ఊరికైనను అమ్ముకొనగలడు. అయినను, ఎంతటి ప్రకటన యైనను మనిషిని గడపదాక మాత్రమే తేగలదు. గడప లోపల నిలుపవలసినవి సరుకు, ధర, మాట. రాయుడు దుర్మార్గుడు కాడు, దగా ఎరుగడు, అప్పు అడిగిన పొరుగువానికి లేదనడు. కావున పాఠకమహాశయులకు నా మనవి: ఆమదాలవలస పోయినప్పుడు ఆతని కొట్టులో అడుగుపెట్టుడు, రీలుకు లైకు వేయుడు, ఆ చేతితోనే ఒక తువ్వాలు బేరమాడి, ఆతడు ఫ్రేము సరిచూచుకొనులోపల రొక్కము చేతబెట్టి కొనుడు. లైకులను ఏ బ్యాంకువారును జమ కట్టుకొనరు; రింగులైటు కాల్చిన కరెంటుకు బిల్లు మాత్రము నెలనెల వచ్చుచునే ఉండును.