చవక గురికాడు

కదిరి చవక గురికాణ్ణి గుర్తుపట్టాలంటే అతని తుపాకీ చూడనక్కర్లేదు, అతని ఖర్చుల లెక్క వింటే చాలు. గొట్టం వంచి బిగించే ఎయిర్ రైఫిల్ ఒకటి, దాని నెత్తిన దానికి మించిన స్కోపు, కింద రెండు కాళ్ల స్టాండు, భుజానికి మిలిటరీ రంగు సంచి. అన్నీ కలిపినా అసలు రైఫిల్ ధరలో ఏ మూలకూ రాదంటాడు. నిజమే, రాదు. అసలుదానికి లైసెన్సు కావాలి. 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మి.మీ. గొట్టం, 20 జౌళ్లకు మించని శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. కాబట్టి అతని ఆశలన్నీ ఆ 20 జౌళ్లలోనే సర్దుకోవాలి. సర్దుకోవు. అరగ్రాము పెల్లెట్ వంద మీటర్లు పోయేలోగా మీటరుకు పైగా కిందికి దిగుతుంది. ఇక ఆషాఢంలో ఈ మెట్టనేల మీద వీచే గాలి దాన్ని ఏ పక్కకు తోస్తుందో చెప్పలేం. అయినా వంద మీటర్లకు ఒక్క అడుగు తగ్గి మాట్లాడడు.

ఎందుకు తగ్గడంటే, దూరం అతనికి గురి కాదు, సాకు. పది మీటర్లలో గుండు తప్పితే తప్పు చేతిదే. వంద మీటర్లలో తప్పితే గాలిది, పెల్లెట్‌ది, స్కోపుది, చివరికి ఎండది. "ఈ పొద్దు గాలి జాస్తిగుందన్నా" అంటే కాదనేవాడు ఎవడు? హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 701.1 పాయింట్లతో కాంస్యం తెచ్చింది పది మీటర్ల పోటీలోనే, అదీ ఎయిర్ రైఫిల్‌తోనే. అక్కడ నడిమి చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. ఆ మాట ఎత్తితే మనవాడు చిన్నగా నవ్వి, "అది ఆటలేన్నా, మనది లాంగ్ రేంజి" అంటాడు.

ఆ లాంగ్ రేంజి కోసం డబ్బంతా స్కోపుకే పోతుంది. స్ప్రింగు తుపాకీ పేలినప్పుడు ముందు వెనక్కి తన్ని, వెంటనే ముందుకు గుంజుతుంది. పెద్ద తుపాకులకని చేసిన చవక స్కోపు ఆ రెండో గుంజుడుకు ఓర్చుకోలేదు. దాన్ని తుపాకీకి బిగించే పట్టీలు నాలుగు దెబ్బలకే వెనక్కి జారతాయి. మనవాడు చిన్న అలెన్ కీ పెట్టి మర బిగిస్తాడు, అది ఆగకపోతే పట్టీ కింద సైకిల్ ట్యూబు ముక్క దూరుస్తాడు, మళ్లీ బిగిస్తాడు. పైగా అలాంటి స్కోపులు చాలావరకు వంద గజాల చూపుకు కుదిర్చినవి. పది మీటర్లలో పెట్టిన కాగితం వాటిలో మసకగా కనిపిస్తుంది. ఇంకేం, దగ్గర కాల్చకపోవడానికి సాంకేతిక కారణం కూడా దొరికింది.

చెనిక్కాయ చేలమీద పడే అడవిపందుల మాటేమిటి, రైతుకు ఏదో ఒక ఆయుధం వద్దా అని అతని తరఫున అడిగేవాళ్లున్నారు. పందుల బాధ నిజం. ఒక్క రాత్రిలో చేను దున్నినట్టు చేసిపోతాయి. కానీ 20 జౌళ్ల గుండు పందిని చంపదు, గాయపరిచి పొదల్లోకి తోలుతుంది. పైగా వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణతో అడవిపంది రెండో షెడ్యూలులో ఉంది, ఇష్టమొచ్చినట్టు కాల్చడం నేరం. పంది వచ్చేదేమో చీకట్లో, మన స్కోపుకు పట్టపగలే సరిగా కనిపించదు. ఇంకొందరు, పేదవాడు చవకగా ముచ్చట తీర్చుకుంటే మీకేం నొప్పి అంటారు. నొప్పి చవక మీద కాదు. వానను నమ్ముకోలేని ఈ నేలలో చవకగా పని జరుపుకోవడం చేతకానివాడు బతకనే లేడు. కానీ ఇక్కడి రైతు కదిరి పరిశోధన స్థానం నుంచి కొత్త చెనిక్కాయ రకం వస్తే ముందు ఓ మూల కొంచెం వేసి చూస్తాడు. మన గురికాడికి ఆ 'వేసి చూడటం' ఒక్కటే గిట్టదు. వేలు పెట్టి స్కోపు కొన్నవాడు పెల్లెట్ల డబ్బా దగ్గర పిసినారి అవుతాడు. అంచు చొట్టపడిన చవక రకం కొని, వాటిని కూడా లెక్కపెట్టి కాలుస్తాడు.

అతని వల్ల ఎవరికీ హాని లేదనే మాట మాత్రం సగమే ఒప్పుకుంటాను. కాల్చేది తక్కువ కాబట్టి హానీ తక్కువే. కానీ కాల్చిన ఆ నాలుగు గుండ్లూ వెనక అడ్డం లేని బయలులోకి పోతాయి, గొర్రెలు తోలుకొచ్చే పిల్లాడి కంటికి అరగ్రాము చాలు.

ఈ ముచ్చట మీకూ ఉంటే స్కోపు బేరం కాస్త ఆపండి. పది మీటర్ల తాడు, వెనక ఇసుక మూటల గోడ, అట్టకు అంటించిన కాగితం, మంచి పెల్లెట్ల డబ్బాలు రెండు తెచ్చుకోండి. ఆ డబ్బాలు ఖాళీ అయ్యాక కాగితం తీసి చూసుకోండి. స్కోపు కొట్టు ఎక్కడికీ పోదు.