రోటరీ నాన్న

రోటరీ అనగానే మన ఊళ్లలో ఉచిత కంటి శిబిరం గుర్తొస్తుంది, కోటుకు బిళ్ల పెట్టుకుని మైకు ముందు నిలబడ్డ పెద్దమనిషి గుర్తొస్తాడు. ఈ రోటరీ నాన్న ఆయన కాడు. ఈయన ఉండేది అమెరికాలో ఏదో ఊరి శివారున, రెండు కార్లు పట్టే గరాజులో. అదే తెలుగువాళ్ల గరాజైతే సోనామసూరి బస్తాలూ, ఇండియా ప్రయాణాల సూటుకేసులూ ఉండాల్సిన చోట ఈయనకు చక్రాలు లేని మాజ్దా ఆర్ఎక్స్-7 ఒకటి స్టాండ్ల మీద ఉంటుంది. దాని రోటరీ ఇంజిన్ బల్ల మీద ఉంటుంది, బల్ల పక్కన పద్నాలుగేళ్ల కూతురుంటుంది. అమ్మాయికి పదహారు నిండి లైసెన్సు వచ్చేనాటికి కారు రోడ్డెక్కుతుందని చుట్టాలందరికీ చెప్పేసి ఉంటాడు. చూసినవాళ్లు మాత్రం తండ్రి గురువై బిడ్డకు విద్య నేర్పుతున్నాడని మురిసిపోతారు. నా వాదన దీనికి తలకిందులు. బిడ్డకు నేర్పడానికి కాదు, బిడ్డ పక్కన కూర్చుని తనూ ఓనమాలు దిద్దుకోవడానికే ఈయన వెతికి వెతికి ఈ ఇంజిన్ తెచ్చుకున్నాడు. అడిగితే ఒప్పుకోడు, అది వేరే సంగతి.

మామూలు ఇంజిన్ దగ్గర తండ్రికి పెద్దరికం ఉట్టినే వస్తుంది. పిస్టన్ కిందికీ పైకీ కొట్టుకుంటుందనీ, వాల్వులు తెరుచుకుని మూసుకుంటాయనీ ఆయనకు వాళ్ల నాన్న చెప్పాడు. నాలుగు తిట్లు కలిపి మరీ చెప్పాడు. ఆ దేశపు గరాజుల్లో పిల్లలకు తరతరాలుగా ఒకటే ఉద్యోగం: టార్చి పట్టుకోవడం, సరిగ్గా పట్టుకోలేదని తిట్లు తినడం. రోటరీ దగ్గర ఆ వారసత్వం చెల్లదు. ఇందులో పిస్టన్ లేదు, వాల్వు లేదు, క్యామ్ షాఫ్టు లేదు. పొట్టలు ఉబ్బిన సమోసాలాంటి రోటరు, నడుం దగ్గర నొక్కుకుపోయిన వేరుశనక్కాయలాంటి గదిలో, రుబ్బురోట్లో పొత్రంలా ఓరగా తిరుగుతూ ఉంటుంది. తిరుగుతూనే ఒక వైపు పెట్రోలు కలిసిన గాలి పీలుస్తుంది, ఒక వైపు నొక్కి మండిస్తుంది, ఇంకో వైపు పొగ కక్కుతుంది. అది ఒక చుట్టు తిరిగేసరికి దాని నడుమనున్న షాఫ్టు మూడు చుట్లు తిరుగుతుంది. మూడే ఎందుకని అమ్మాయి అడుగుతుంది. ఆయన కాసేపు పైకప్పు చూసి, మాన్యువల్‌లో ఉంటుంది చూడమంటాడు. టార్చి చేతులు మారేది సరిగ్గా అక్కడే. ఇక చదివేది అమ్మాయి, వెలుగు పట్టేది నాన్న, తిట్లు తినేదీ నాన్నే. కొడుకు నోట ప్రణవార్థం విన్నప్పుడు శివుడికే నామోషీ కాలేదు, ఈయనకెందుకు?

ఆ చదువు ఎలా సాగుతుందో దగ్గరికి వెళ్లి చూడాలి. ఫ్లైవీల్ నట్టు 54 మిల్లీమీటర్లది. ఇళ్లలో ఉండే పనిముట్ల పెట్టెలో అంత సాకెట్ ఉండదు, కొనుక్కు రావాలి. దాని కాడకు పొడుగాటి ఇనప పైపు తొడిగి ఆయన ఒళ్లంతా వేసి వేలాడితే, ఫ్లైవీల్ తిరగకుండా అడ్డం పెట్టిన అమ్మాయి, “అటు కాదు డాడ్, ఇటు” అంటుంది. తర్వాత సీళ్లు. ఒక్కో రోటరుకు మూడు మూలల్లో మూడు అపెక్స్ సీళ్లు, ఒక్కోటి వేలంత పొడవు, 2 మిల్లీమీటర్ల మందం. వాటి కింద సన్నటి స్ప్రింగులు, చివర్లలో చొక్కా బొత్తాలంతేసి కార్నర్ సీళ్లు. పడిపోకుండా వీటిని వాజిలీన్‌తో అంటించి, ఊపిరి బిగబట్టి పై అర దించాలి. ఆయన చేతులు వణుకుతాయి, అమ్మాయి చేతులు వణకవు. ఒక స్ప్రింగు ఎగిరి వాషింగ్ మెషీన్ కిందికి పోతుంది. బోర్లా పడుకుని దాన్ని వెతికేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ఇంత జరిగినా ఆయన పరువు పోదు. కారణం, ఈ ఇంజిన్ దగ్గర తలలు పండినవాళ్లే బోల్తాపడ్డారు. జర్మనీలో ఎన్ఎస్‌యూ కంపెనీ 1967లో ఆర్ఓ 80 అనే కారు తెస్తే మెచ్చుకోనివాళ్లు లేరు, కానీ సీళ్లు తొందరగా అరిగిపోయి, వారంటీ కింద ఇంజిన్లు మార్చలేక కంపెనీ కుదేలైంది. ఆ కారున్నవాళ్లు రోడ్డు మీద ఎదురుపడితే ఎన్ని ఇంజిన్లు మార్పించుకున్నారో అన్ని వేళ్లు చూపించి పలకరించుకునేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. హిరోషిమాలో మాజ్దావాళ్లకైతే గది లోపలి గోడ మీద సీళ్లు గీకిన గీతలు పడేవి. వాటికి దయ్యపు గోటి గీతలని పేరు పెట్టుకుని, కెనిచి యమమోటో నాయకత్వంలో 47 మంది ఇంజినీర్లు ఏళ్ల తరబడి వాటితో కుస్తీ పడితే 1967లో కాస్మో స్పోర్ట్ బయటికొచ్చింది. రోటరీ నాన్నకు ఈ చరిత్రంతా కంఠోపాఠం. నలభై ఏడుగురికే అన్నేళ్లు పట్టింది, మేం ఇద్దరమే కదా అంటాడు. ఎవరైనా మరీ ఎగతాళి చేస్తే 1991లో లె మాన్స్ 24 గంటల పందెం గెలిచిన మాజ్దా 787బీ సంగతి ఎత్తుతాడు. అందులో నాలుగు రోటర్లు. ఆయన బల్ల మీద ఉన్నవి రెండు.

ఇంత గొడవెందుకు, షెవర్లే వీ8 ఇంజిన్ పెట్టేస్తే పోలా అని బావమరిది అంటాడు. చాలామంది పెట్టారు కూడా, కారు హాయిగా నడుస్తుంది. నడవడమే ముఖ్యమైతే బావమరిది మాటకు తిరుగులేదు. కానీ వీ8 సంగతులన్నీ ఈ నాన్నకు తెలుసు. అన్నీ తెలిసినవాడి పక్కన పద్నాలుగేళ్ల పిల్ల ఎంతసేపు కూర్చుంటుంది? టార్చి మళ్లీ అమ్మాయి చేతికే వస్తుంది, ఆ వెంటనే ఫోనూ వస్తుంది. ఇదంతా నడివయసు సరదా, పిల్ల వట్టి సాకు అనేవాళ్లూ ఉన్నారు. కొంత నిజమే. 2001లో వచ్చిన ‘ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్’ సినిమాలో ఎర్ర ఆర్ఎక్స్-7 చూసిన కుర్రాడు ఇప్పటికీ ఆయన లోపల అలాగే ఉన్నాడు. అయితే సాకే నిజమైతే పిల్ల నిద్రపోయాక కూడా పని సాగాలి. పిల్లకు పరీక్షలున్న వారం ఈయన ఒక్క బోల్టు ముట్టడు, ముడితే ఎక్కడిదో తెలియక. ఇక ఆ డబ్బుతో కొత్త మియాటా కారు వచ్చేదన్న అభ్యంతరానికి నా దగ్గర జవాబు లేదు. ఆ లెక్క రాసిపెట్టే ఇల్లాలు ప్రతి ఇంట్లోనూ ఉంది, ఆమెతో వాదించడం నా వల్ల కాదు.

పట్టుదల గల ఇళ్లలో ఇంజిన్ పలుకుతుంది కూడా. మన పాత స్కూటర్లలా ఇదీ పెట్రోలుతో పాటు ఆయిల్ కాల్చుకునే రకం. సీళ్లు ఎండిపోకుండా లోపలికి ఆయిల్ చిమ్మే పంపు దానికి పుట్టుకతోనే ఉంది. ఇంకో గుణం కూడా ఉంది. చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసి కారును నాలుగడుగులు జరిపి వెంటనే ఆపితే లోపల పెట్రోలు నిండిపోయి మళ్లీ కదలనని మొండికేస్తుంది. స్కూటరైతే పక్కకు వంచి తన్నొచ్చు, దీన్ని వంచేదెవరు? లైసెన్సు పరీక్ష రోజు పొద్దున్నే, అడ్డంగా ఉందని అమ్మ దాన్ని సరిగ్గా నాలుగడుగులు జరిపి ఆపుతుంది. అమ్మాయి పరీక్షకు క్యామ్రీలో వెళ్లి పాసై వస్తుంది. నాన్న నొచ్చుకోనక్కర్లేదు. ఈ ఇంజిన్ కనిపెట్టిన ఫెలిక్స్ వాంకెల్‌కు చూపు సరిగ్గా ఆనక జన్మలో డ్రైవింగ్ లైసెన్సు లేదు. ఆయన ఆర్ఓ 80ని డ్రైవరు నడిపేవాడు.