సప్పట్లు అందరు గొడితె ఇనేదెవలు?

గోల్కొండకు పోయొచ్చిన పోరగాండ్లను ఏం చూసిన్రు బిడ్డా అని అడిగితె ముందుగాల ఫోన్ తీస్తరు. ఎట్లుందిరా అంటె "మస్తుగుంది" అంటరు. 1518 నుంచి 1687 దాక ఏలిన కుతుబ్‌షాహీల ముచ్చట నాలుగక్షరాలల్ల ఒడిసిపాయె.

మా రోజుల్ల మా ఊరు పోచంపల్లి నుంచి చీరెలు మూటగట్టుకోని పట్నం పోయేది. గౌలిగూడ అడ్డల దిగి, షావుకారికి సరుకు అప్పజెప్పి, పొద్దుంటె గోల్కొండ తొవ్వ వట్టేది. బాలా హిసార్ దర్వాజ గుమ్మటం కింద ఒకన్ని నిలబెట్టి మిగిలినోళ్లం మీదికెక్కేది. ఎక్కినంక ఎవ్వడు నోరు మెదపొద్దు. కిందోడు సప్పట్లు గొడితె గంత ఎత్తుమీద టక్కున ఇనబడేది. కోటకు ఎవరొచ్చిన్రో మీద కావలోనికి ఎరుకజేసే ఉపాయమది. ఇప్పుడో? గుమ్మటం కింద ఇరవై మంది ఒక్కతీరే కొడ్తరు. మీదున్నోడు ఫోన్ల పాట పెట్టుకుంటడు. ఇనేటోడే లేడాయె.

అయినా ఔరంగజేబు ఫౌజు ఎనిమిది నెలలు చుట్టుముట్టినా లొంగని కోటది. ఆఖరికి లోపటోడే, అబ్దుల్లా ఖాన్ పన్నీ, తలుపు తీపిచ్చె. ఇంటోడే గొళ్లెం తీస్తె సప్పట్లేం జేస్తయ్?

నాకైతె రాజుల కంటె నీళ్ల పనోళ్ల మీదనే అక్కెర. దుర్గం చెరువు నీళ్లు కోటకు తెచ్చి, మోటచక్రాలతోని ఒక హౌజు నుంచి ఇంకో హౌజుకు మీదమీదికి ఎక్కిచ్చిన్రు. గోడ పెచ్చులూడిన కాడ మట్టి గొట్టం మూతి ఇప్పటికీ అవుపడ్తది, ఏలు వెట్టి చూడొచ్చు. చూసెటోడు ఏడి? చెరువు మీది తీగల వంతెన కాడ ఫోటో దిగుతరు, కోట హౌజుల ఖాళీ సీసా ఇసిరేస్తరు.

రామదాసు పన్నెండేండ్లు ఈ కోట బందీఖానల ఉండి గోడ మీద రాముణ్ణి చెక్కిండంటరు. వీళ్లు పన్నెండు నిమిషాలు నిలబడరు, తాళంచెవితోని తమ పేర్లు చెక్కి పోతరు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలె. మా కాలంల ఆడోళ్లు సద్దిమూటలు పట్టుకోని కిందనే కూసునేది. ఇప్పుడు ఆడపిల్లలు మగోళ్ల కంటె ముందే మీద ఉంటున్నరు. మంచిగనిపిస్తది.

గోల్కొండనే అనుడెందుకు, మా ఊరికొచ్చెటోళ్లదీ గదే తంతు. 2021ల ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ మా ఊరిని మంచి పర్యాటక గ్రామమన్నది. ఐతారమొస్తె వాడ నిండ కార్లే. ఆసు పోసుడు, చిటికి కట్టుడు, రంగుల ముంచుడు, ఇప్పి మల్ల కట్టుడు, అసలు పనంత గక్కడుంటది. పోగు మగ్గమెక్కకముందే దాంట్ల పువ్వుంటది. ఆడ ఎవ్వరు ఆగరు. సీదా మగ్గం కాడికొచ్చి, నాడె గుంజి, ఫోటో దిగుతరు. పోగు తెగుతది, చెయ్యి పెట్టకుండ్రి అంటె, "మీటరెంత తాతా?" అని అడుగుతరు.