ఈశాన్యంలో లేని పుష్కరిణి

ఎస్టిమేటు మళ్ళీ మారింది. ఈసారి 82 వేలు. దీనికి ముందుది 60. దానికీ ముందు, అంటే మేస్త్రీ మా పెరటి తామర గుంటను ఇంకా కళ్ళతో చూడకముందు, ఫోన్లోనే "ఎంత సా, ఓ ముప్పైలో ముగించేద్దాం" అన్నాడు. చూసిన కొద్దీ ధర పెరిగేది బంగారం ఒక్కటే అనుకునేవాణ్ణి.

ఉన్న గుంట ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. అందులో తామర, లెక్కకందని గప్పీ చేపలు, ఎవరూ పిలవకుండా వచ్చిన కప్పలు. దాన్ని కొంచెం పెద్దది చేద్దామని ఇంట్లో తీర్మానమైంది. పొడవు 12, వెడల్పు 8, లోతు 3. వినడానికి కొంచెమే. గుణించి చూస్తే ఆరింతలు. పాత గుంటలో నీళ్ళు 1,360 లీటర్లు, కొత్తదాంట్లో 8,150. మనం కూడికలు వేసుకుంటూ కూర్చుంటాం, గుంట గుణకారం వేసుకుంటూ పోతుంది.

షీటు లెక్క ఇంకా అన్యాయం. అడుగున పరిచే ప్లాస్టిక్ షీటుకు పొడవు ఒక్కటే కొలిస్తే చాలదట. పొడవుకు లోతు రెండుసార్లు కలపాలి, గట్టు మీద మడవడానికి అటో అడుగు, ఇటో అడుగు. వెడల్పుకూ అంతే. అలా 12 కాస్తా 20 అవుతుంది, 8 కాస్తా 16 అవుతుంది. 96 చదరపు అడుగుల గుంటకు 320 చదరపు అడుగుల షీటు! "ఇది ఎస్టిమేటులో ఉందా?" అని అడిగాను. "అది వేరే సా" అన్నాడు. పంపు? అదీ వేరే. తవ్విన మట్టి ఎత్తడం? అది కూడా వేరే. మరి 82 వేలలో ఏముందో అడిగే ధైర్యం చాల్లేదు. అడిగితే అది కూడా వేరే అంటాడేమో.

వాస్తు సంగతి నేను ఎత్తలేదు. ఎత్తింది మా బావమరిది. వాడు వెంటబెట్టుకొచ్చిన పెద్దాయన ఫోన్లో దిక్సూచి తెరిచి, పెరట్లో అటూ ఇటూ తిరిగి, గుంట దగ్గర ఆగి, చెప్పుల్లోంచి పాము లేచినట్టు అదిరిపడ్డాడు. "నైరుతిలో గొయ్యా నాయనా!"

వేరే ఊళ్ళో అయితే వాస్తు మీద వాదించవచ్చు. తిరుపతిలో కుదరదు. ఇక్కడి వాస్తు పండితుడి చేతిలో ఒక సాక్షి ఉంటాడు. ఆ సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేసే దమ్ము ఏ తిరుపతి వాడికీ లేదు. "కొండమీద పుష్కరిణి ఎక్కడుంది? గుడికి ఈశాన్యంలో. హుండీ ఎట్లుంది?" అన్నాడాయన. కేసు అక్కడితో ముగిసింది. మా ఆవిడ చేతులు జోడించింది. మేస్త్రీ తలపాగా తీశాడు.

నేను మాత్రం ఒక పాయింటు లేవదీశాను. "అంత ఐశ్వర్యం ఉండి కూడా స్వామి కుబేరుడి అప్పు ఇంకా తీరుస్తూనే ఉన్నాడు కదండీ, మరి ఈశాన్యం పనిచేసినట్టా, చేయనట్టా?"

ఆయన తడుముకోలేదు. "వడ్డీ కడుతున్నాడా లేదా? నైరుతిలో పెట్టుంటే అదీ కట్టలేకపోయేవాడు."

పరిహారం అడిగాం. గుంటను ఈశాన్యానికి మార్చమన్నాడు. అక్కడ మెట్లున్నాయన్నాం. మెట్లు మార్చమన్నాడు. మెట్లు మార్చాలంటే హాలు గోడ కొట్టాలి. గోడ కొడితే పూజగది వంటింట్లోకి వస్తుంది. ఆయన సలహా ప్రకారం గుంట కదలాలంటే ముందు కదలాల్సింది ఇల్లు. మేస్త్రీ చెవిలో పెన్సిలు తీసి ఉత్సాహంగా రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆ కాగితం లాక్కునేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

సరే, పోలిక ఆయనే తెచ్చాడు కాబట్టి నేనూ పోల్చి చూశాను. కొండమీద పుష్కరిణి ఎకరన్నర. పట్టే నీళ్ళు కోటి లీటర్లు. మా కొత్త గుంటలాంటివి పన్నెండు వందల పైచిలుకు అందులో పడతాయి. ఏటా బ్రహ్మోత్సవాలకు ముందు దాన్ని నెల రోజులు మూసి శుభ్రం చేస్తారు. మొదటి పది రోజులు నీళ్ళు తోడటం, తర్వాతి పది రోజులు మరమ్మతులు, చివరి పది రోజులు మళ్ళీ నింపడం. కోటి లీటర్లకు నెల. మా మేస్త్రీ ఎనిమిది వేల లీటర్లకు అడిగిన గడువు నెలా పది రోజులు, మధ్యలో గంగమ్మ జాతర వస్తే అది వేరే. శుభ్రం చేసే నెలంతా అక్కడ పుష్కరిణి హారతి ఉండదు. మా ఇంట్లో మాత్రం పని ఆగిన ప్రతి సాయంత్రం నాకు హారతి పడుతోంది. అక్కడ నీటి పీహెచ్ విలువ 7 ఉండేట్టు చూసుకుంటారు. మా గుంట సంగతేమిటని మేస్త్రీని అడిగితే, "పీహెచ్చా? అది ప్లంబరు చూసుకుంటాడు సా" అన్నాడు.

నవ్వులాటకు అడగలేదు. షీటు వద్దు, సిమెంటు పూస్తానని ఆయన పట్టు. కొత్త సిమెంటు గుంటలో సున్నం నీళ్ళలోకి దిగి ఘాటెక్కుతుంది, చేపలు తేలిపోతాయి. అందుకే పాతకాలం నుంచీ చేపలవాళ్ళు కొత్త తొట్టిలో అరటి బోదెలు వేసి నానబెడతారు, నీళ్ళు వదిలేస్తారు, మళ్ళీ నింపుతారు, మళ్ళీ వదిలేస్తారు. ఒక్కసారి నింపాలంటే 5,000 లీటర్ల ట్యాంకరు ఒకటిన్నర దాటి కావాలి. బోదెలు పక్కింటివాళ్ళు ఊరికే ఇస్తారు. ట్యాంకరు ఎవరూ ఊరికే ఇవ్వరు.

నీళ్ళ మాట రాగానే మా ఆవిడ పాత పేపరు బయటికి తీసింది. 2024 ఆగస్టు నాటిది. వానలు మొహం చాటేసి, తిరుమల మీద గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార డ్యాములు అయిదింటిలోనూ కలిపి 14,304 లక్షల గ్యాలన్లకు 5,800 లక్షలే మిగిలాయి. కొండమీద రోజువారీ వాడకం 43 లక్షల గ్యాలన్లు. భక్తులు, స్థానికులు నీళ్ళు చూసి వాడుకోవాలని టీటీడీ చెప్పింది. "స్వామివారి ఊళ్ళోనే పొదుపు చెయ్యమన్నారండీ. మీకేమో గుంట!" మళ్ళీ అదే సాక్షి. ఈ ఊళ్ళో నా తరఫున సాక్ష్యం చెప్పే దేవుడే లేడు.

ఆమె మాట తీసిపారేసేదీ కాదు. మన ఎండలకు గుంటలోంచి రోజుకు ఏడెనిమిది మిల్లీమీటర్ల నీళ్ళు ఆవిరైపోతాయి. కొత్త గుంట వైశాల్యానికి అది 65 లీటర్ల పైమాట. వేసవంతా రోజుకు నాలుగైదు బిందెలు సూర్యుడికి అర్ఘ్యం. ఆవిరి లోతును బట్టి కాదు, పైన పరుచుకున్న వైశాల్యాన్ని బట్టి పోతుంది కనుక, వెడల్పు తగ్గించి లోతు పెంచమన్నాను. "రవంత లోతు పోతే బండ తగల్తాది సా. శేషాచలం కాళ్ళకాడ ఉండారు. బ్రేకరు పెట్టాల." ఆ తర్వాతి మాట మీకు తెలుసు.

బావమరిదికి ఫౌంటెన్ కావాలి, మా ఆవిడకు తామర కావాలి. నీళ్ళు చిమ్మేచోట తామర సుఖంగా ఉండదు, నిలకడ నీళ్ళూ నిండు ఎండా కావాలి దానికి. వాడికిది పట్టదు. జపాన్ కోయి చేపల వీడియోలు పంపుతున్నాడు. 2018లో హిరోషిమాలో ఒక కోయి 20 కోట్ల యెన్‌లు దాటి పలికింది, మన డబ్బులో 13 కోట్లు. "బావా, పిల్లప్పుడే కొనిపెట్టుకుంటే..." అంటున్నాడు. ఎదురింటాయన భయం వేరు. యూనివర్సిటీ ఆవరణలోకే చిరుతలు వస్తున్నాయి కదా, మన గుంటకు నీళ్ళు తాగడానికి వస్తే ఎవరిది బాధ్యత? ఇది కూడా ఎస్టిమేటులో లేదు.

ఇంతవరకూ నవ్వుకుంటూ భరించాను. మట్టి దగ్గరే నవ్వు ఆగిపోయింది. పాత గుంట పోను కొత్తగా తవ్వేది 240 ఘనపు అడుగులు, తవ్వాక పొంగి 300 అవుతుంది. మూడు యూనిట్లు, మూడు ట్రాక్టర్లు. పారబోయడానికి డబ్బివ్వాలేమో అనుకుంటే, మేస్త్రీ శుభవార్త తెచ్చాడు. "దుడ్డు మనం ఇచ్చే పని లేదు సా, వాళ్ళే ఎత్తుకోని పోతారు. చెరువు పక్కన ప్లాట్లేస్తా ఉండారు. పూడ్చేదానికి మట్టి జాస్తి కావాలంట."

అంటే నేను పెరట్లో గుంట తవ్వితే, ఆ మట్టితో ఊరవతల చెరువు పూడుతుంది. నాకు ఎనిమిది వేల లీటర్లు వస్తాయి, ఊరికి ఎన్ని పోతాయో ఏ ఎస్టిమేటులోనూ ఉండదు. కొర్లగుంట, తాతయ్యగుంట అని ఆటోలవాళ్ళు కేకలేసి పిలిచే చోట్ల ఇవాళ ఇళ్ళ మీద ఇళ్ళు. 2021 నవంబరు వానలకు రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని కింది ఊళ్ళు ఖాళీ చేయించారు. తిరుపతి వీధులు ఏరులయ్యాయి. ఆ రాత్రి మా ఇంటికి ఈశాన్యం, నైరుతి తేడా లేకుండా అన్నివైపులా పుష్కరిణే. ఉన్న చెరువుల్లో ఇళ్ళు కట్టుకుని, ఆ ఇళ్ళ వెనక షీటు పరిచి చెరువులు కట్టుకుంటున్నాం, మేస్త్రీకి కూలి ఇచ్చి మరీ.

ఆ మట్టి చెరువుకు వద్దని మేస్త్రీకి చెప్పేశాను. మట్టి ధర ఎస్టిమేటులో తగ్గించి రాసుకున్నాడట, ఇప్పుడు మళ్ళీ కలిపాడు. 86 వేలు.

కాబట్టి పాఠకులకు మనవి. మూడు ట్రాక్టర్ల మట్టి, కాస్త గరుసు కలిసినది, ఊరికే ఇస్తాం. కుండీలకు, మొక్కలకు, తులసికోటకు వాడుకోండి. చెరువులో పోసేవాళ్ళు మాత్రం దయచేసి రావద్దు. ట్రాక్టరు మీరే తెచ్చుకోవాలి. ఎత్తుకూలి వేరే.