గ్రాఫు లేచింది, లారీ కదలలేదు

ప్రతి నెలా మొదటి వారంలో బేతంచెర్ల బండల పాలిష్ ఫ్యాక్టరీ యజమాని ఫోన్లోకి ఒక పీడీఎఫ్ దిగుతుంది. మొదటి పేజీలో ఏజెన్సీ లోగో, రెండో పేజీలో చేతులు కట్టుకుని నవ్వుతున్న యజమాని ఫోటో, మూడో పేజీ నుంచి గ్రాఫులు. నీలం గీత ఎడమ నుంచి కుడికి ఎక్కుతూ ఉంటుంది. ఎక్కకపోతే ఏజెన్సీ కుర్రాడు కాలాన్ని కుదిస్తాడు. నెల గ్రాఫు ఎక్కకపోతే వారం గ్రాఫు, వారానిదీ ఎక్కకపోతే ఆదివారం నుంచి మంగళవారం దాకా. ఎక్కే ముక్క ఎక్కడో ఒకచోట దొరక్కుండా పోదు. యజమాని ఆ గీతను వేలితో పెద్దది చేసి చూసుకుంటాడు, బావమరిదికి పంపిస్తాడు, ఏజెన్సీకి ఫోన్‌పే కొడతాడు. బయట యార్డులో పోయిన నెల కోసిన బండలు పోయిన నెల నిలబెట్టిన చోటే ఉంటాయి.

ఫ్యాక్టరీ పేరు చెప్పను. ఒక పేరు చెబితే ఇది తమ గురించేనని పదిమంది నాతో గొడవకొస్తారు, ఆ పదిమందీ నిజమే చెబుతారు.

ఊరు తెలియనివారికి రెండు మాటలు. డోన్‌కూ నంద్యాలకూ మధ్య రైలు మార్గం మీద ఉంటుంది బేతంచెర్ల. 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. భూమిలో నాపరాయి, భూమి మీద దాన్ని కోసి నునుపు తేల్చే ఫ్యాక్టరీలు, రోడ్డు పక్కన విరిగిన ముక్కల గుట్టలు, పాలిష్ బురద ఎండి లేచే తెల్లదుమ్ము. ఎన్నో ఇళ్లలో జనం అన్నం తినేదీ, పడుకునేదీ, పంచాయితీ చేసేదీ ఈ బండల మీదే. ఇన్నేళ్లూ ఈ వ్యాపారం బ్రోకర్ల నోటిమీద, లారీ డ్రైవర్ల ఫోన్లమీద నడిచింది. ఆ తర్వాత గుజరాత్‌లోని మోర్బీ నుంచి టైల్స్ వచ్చి పడ్డాయి. అప్పుడు అందరికీ ఒకేసారి జ్ఞానోదయమైంది: వెబ్‌సైటు పెట్టాల.

పెట్టారు. వెబ్‌సైటు తెరిస్తే ముందుగా కనిపించేది ఇటలీ బంగళా. ఆ బంగళాలో మన బండ ఒక్కటి లేదు. దాని కింద ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో 'ప్రీమియం నేచురల్ స్టోన్ సొల్యూషన్స్'. ఇంకా కిందికి పోతే 'మా దార్శనికత', 'మా లక్ష్యం', 'మా విలువలు'. అడుగు రేటు ఎంతో మాత్రం ఎంత కిందికి పోయినా ఉండదు. విలువలు ఉన్నాయి, విలువ లేదు. 'ధరకు సంప్రదించండి' అని ఒక బొత్తాం ఉంటుంది. నొక్కితే ఫారం వస్తుంది, ఫారం నింపితే ఈమెయిల్ పోతుంది. ఆ ఈమెయిల్ పాస్‌వర్డు సైటు కట్టిన కుర్రాడి దగ్గర ఉంటుంది. ఆ కుర్రాడు ఇప్పుడు బెంగళూరులో వేరే ఉద్యోగంలో ఉంటాడు.

ఇంత సరంజామాకు ఉచితంగా వచ్చి చేరింది గూగుల్ అనలిటిక్స్. శాన్‌డీగోలో అర్చిన్ అనే చిన్న కంపెనీ ఉండేది, వెబ్‌సైట్లకు వచ్చిపోయేవారిని లెక్కపెట్టడం దాని పని. గూగుల్ 2005లో దాన్ని కొని, అదే ఏడాది నవంబరులో లోకానికంతా ఉచితంగా పెట్టేసింది. ప్రకటనలు అమ్ముకునేవాడు, ఆ ప్రకటనలు పనిచేశాయో లేదో కొలిచే తక్కెడను ఊరికే ఎందుకిస్తున్నాడని అప్పుడు ఎవరూ పెద్దగా అడగలేదు. రాళ్లు తూచి బతికే ఊరు కూడా అడగలేదు. అయినా పనిముట్టును తప్పుపట్టను. అడిగినదానికి అది జవాబు చెబుతుంది. మనవాళ్లు దాన్ని ఏదీ అడగరు, అదే చిక్కు. 'ఎంతమంది వచ్చారు' అని మాత్రం అడిగి, వచ్చిన అంకెకు దండం పెట్టి పక్కకు తప్పుకుంటారు.

సరే, ఎవరొచ్చారు? రిపోర్టు తెరుద్దాం. ఆష్‌బర్న్ నుంచి జనం తండోపతండాలుగా వచ్చారు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని ఆష్‌బర్న్‌కు బేతంచెర్ల బండల మీద అంత మోజు ఎందుకని యజమాని అడిగితే, "గ్లోబల్ రీచ్ సార్" అన్నాడు కుర్రాడు. ఆష్‌బర్న్ అంటే డేటా సెంటర్ల ఊరు. అక్కడినుంచి మన సైటుకు వచ్చేవాటిలో చాలావరకు మనుషులు కావు, యంత్రాలు. తెలిసిన యంత్రాలను అనలిటిక్స్ తానే ఏరి పారేస్తుంది, తెలియనివి మిగిలిపోతాయి. వాటికి ఇల్లూ లేదు, ఇంటికి గచ్చూ అక్కర్లేదు.

తర్వాత వచ్చినవారు: యజమాని, రోజుకు నాలుగుసార్లు తన సైటు తాను చూసుకునేందుకు. యజమాని కొడుకు, స్నేహితులకు చూపించేందుకు. ఏజెన్సీ కుర్రాడు, ఇటలీ బంగళా మార్చి ఇంకో బంగళా పెట్టేందుకు. ఎదురు ఫ్యాక్టరీవాడు, మన దగ్గర రేటు పెట్టామేమోనని, రోజూ. సొంతవాళ్ల రాకపోకలను లెక్కలోంచి తీసేసే వీలు ఆ పనిముట్టులోనే ఉంది, రూపాయి ఖర్చు లేదు. ఫ్యాక్టరీ ఇంటర్నెట్ చిరునామా ఒకటి రాసి, వడపోతను ఆన్ చేస్తే చాలు. దాన్ని ఎవ్వరూ ముట్టుకోరు. ముట్టుకుంటే నీలం గీతకు దెబ్బ.

ఇక్కడ మన చరిత్రలోకి ఒక అడుగు వేయాలి. బేతంచెర్లకు దగ్గర్లోనే బిల్లసర్గం గుహలున్నాయి. 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కొడుకు హెన్రీ అక్కడ తవ్వించి ఎముకలు బయటికి తీశారు. 1886లో ప్రకృతి శాస్త్రవేత్త రిచర్డ్ లిడెక్కర్ ఆ ఎముకలను జంతువు వారీగా వేరుచేసి కర్నూలు గుహల జంతుజాలం మీద ఏకంగా ఒక గ్రంథమే అచ్చువేశాడు. అందులో అంతరించిపోయిన ఒక ముళ్లపంది కూడా ఉంది. గుహలో దొరికిన ఎముకలెన్ని అన్న లెక్కతో వాళ్లు ఆగలేదు. ఇది ఏ జంతువుది, ఇప్పుడు ఆ జంతువు బతికుందా లేదా అని అడిగారు. నూటనలభై ఏళ్ల తర్వాత అదే ఊళ్లో మా ఏజెన్సీ గబ్బిలాన్నీ ముళ్లపందినీ కొనుగోలుదారునూ కలిపి కుప్పపోసి, కుప్ప మీద 'యూజర్లు' అని చీటీ అంటించింది.

అసలు విడ్డూరం ముందుంది. గూగుల్ కొత్త అనలిటిక్స్‌లో సైటు మీద పది సెకన్లకు మించి ఉన్నవాడు 'నిమగ్నుడు'. రెండు పేజీలు తిరిగినా, మనం ముఖ్యమని ముందే గుర్తుపెట్టిన పని ఏదైనా చేసినా నిమగ్నుడే. ఈ మూడింట్లో ఒక్కటీ చేయనివాడు 'బౌన్స్', అంటే వచ్చినట్టే వచ్చి పారిపోయినవాడు. ఇప్పుడు ఇద్దరిని చూడండి. డోన్‌లో ఇల్లు కడుతున్న మేస్త్రి ఒకడు సైటు తెరిచాడు, పైనే నంబరు కనబడింది, ఏడో సెకనులో ఫోన్ కొట్టాడు, రెండు లోడ్లు మాట్లాడుకున్నాడు. నంబరు మీద నొక్కడాన్ని లెక్కపెట్టమని మనం విడిగా చెప్పలేదు కాబట్టి అతను రిపోర్టులో పారిపోయినవాడు. రెండోవాడు నంబరు ఎక్కడుందో తెలియక దార్శనికత, లక్ష్యం, విలువలు అన్నీ తిరిగి, మూడు నిమిషాలు వెతికి, తిట్టుకుని మోర్బీ టైల్స్ కొన్నాడు. రిపోర్టులో అతను నిమగ్నుడు. నెలాఖరున ఏజెన్సీ అభినందిస్తూ రాసింది: "ఎంగేజ్‌మెంట్ బాగా పెరిగింది సార్." ఎందుకు పెరగదు? నంబరును ఇంకాస్త లోపల దాచండి, ఇంకా పెరుగుతుంది.

ఊళ్ల జాబితా కూడా అంతే. డోన్ మేస్త్రి మొబైల్ ఇంటర్నెట్ ఏ పట్నం గుండా తిరిగి వస్తే అతను ఆ పట్నంవాడిగా నమోదవుతాడు. అందుకే మన సైటుకు పల్లెటూరివాళ్లు రారు, అందరూ హైదరాబాదు, చెన్నై, బెంగళూరు దొరలే. బ్రోకరు వాట్సాప్‌లో పంపిన లింకు నొక్కి వచ్చినవాళ్లు 'డైరెక్ట్' అనే గంపలో పడతారు. ఆ లింకుకు చిన్న తోక తగిలిస్తే ఏ బ్రోకరు ఎంతమందిని పంపాడో విడివిడిగా తెలుస్తుంది. యూటీఎం అంటారు దాన్ని, పాత అర్చిన్ కంపెనీ పేరే అందులో ఇంకా బతికుంది. ఆ తోకకు డబ్బులక్కర్లేదు. కానీ ఉచితంగా చేయగలిగిన పనికి బిల్లు వేయడం కష్టం కాబట్టి ఏజెన్సీ దాని ఊసెత్తదు.

దాని బదులు 'బూస్ట్' చేస్తారు. ఒకసారి మ్యాపు మీద ఫ్యాక్టరీ చుట్టూ వృత్తం గీసి, ఆ వృత్తంలోని జనానికంతా నాపరాళ్ల ప్రకటన చూపించారు. వృత్తంలో ఉన్నదెవరు? బేతంచెర్ల. నాపరాళ్ల మీద కూర్చుని, నాపరాళ్ల లోడుకు ఎదురుచూస్తూ, ఫోన్లో నాపరాళ్ల ప్రకటన చూసిన జనం. లైకులు బ్రహ్మాండంగా వచ్చాయి, అందరూ చుట్టాలే మరి.

సెర్చ్ కన్సోల్ అని ఇంకొకటుంది, అదీ ఉచితమే. జనం ఏమేం మాటలు కొడితే మన సైటు కనబడిందో వరసగా చూపిస్తుంది. ఒకడు 'కడప బండ' అని వెతుకుతాడు, ముంబైవాడు 'కడప్పా' అని, ఇంకొకడు 'నాపరాయి అడుగు రేటు' అని, మరొకడు 'కార్ పార్కింగుకు ఏ బండ మంచిది' అని. మన ఊరి పేరునే ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తారు. 'ప్రీమియం నేచురల్ స్టోన్ సొల్యూషన్స్' అని ఇల్లు కట్టుకునేవాడు ఎందుకు వెతుకుతాడు? ఆ జాబితాను నెలకోసారి చదివి, జనం అడుగుతున్న ప్రశ్నలకు సైటులో తెలుగులో జవాబులు రాసి, మందం ఎంత, సైజులేవి, రేటు ఎక్కడినుంచి ఎక్కడిదాకా, లోడుకు ఎన్ని అడుగులు, దారిలో విరిగితే ఎవరిది భారం అని పెట్టినవాడికి వేరే మార్కెటింగ్ అక్కర్లేదు. కానీ ఆ జాబితాలో గ్రాఫు అందంగా ఉండదు, ఉన్నవి మాటలే. మాటలు ఎవరు చదువుతారు?

పంచాంగమైనా చదవరు. ఒక జులైలో నీలం గీత చతికిలబడింది. ఏజెన్సీ ఆందోళన చెంది, గూగుల్ అల్గారిథం మారిందనీ 'సమగ్ర ఎస్ఈఓ ఆడిట్' తప్పదనీ అంచనా పంపింది. గుమాస్తా గోడమీది క్యాలెండరు చూపించాడు: "ఆషాఢం గదా సార్, గృహప్రవేశాలు యాడుంటాయి? గచ్చు ఎవురేపిస్తారు?" ఈ ఆషాఢాన్ని పోయిన ఆషాఢంతో లోతుగా పోల్చి చూడాలంటే కొత్త అనలిటిక్స్‌లో సమాచారం దాచే గడువును రెండు నెలల నుంచి పద్నాలుగు నెలలకు మార్చుకోవాలి. సెట్టింగుల్లో ఒక్క నొక్కు. ఉచిత ఖాతాకు అంతకంటే ఎక్కువ లేదు, కానీ ఒక ఆషాఢానికి సరిపోతుంది. మార్చలేదు. రిపోర్టులో మాత్రం ఆడిట్ చేయించాలని మూడు పేజీలుంది.

ఈ లెక్కలు ఎవరికీ అక్కర్లేదనడానికి అసలు సాక్ష్యం 2023 జులై 1. ఆరోజు గూగుల్ పాత అనలిటిక్స్‌ను ఆపేసింది. పాత లెక్కలు కావాలంటే దింపుకోండని ఏడాది గడువిచ్చి, 2024 జులైలో వాటినీ మూసేసింది. ఏళ్ల తరబడి నెలనెలా డబ్బు కట్టి చూసిన గ్రాఫుల మూలం మొత్తం పోయింది. ఫ్యాక్టరీలో ఒక్కరూ గమనించలేదు. అదే గుమాస్తా దగ్గరున్న పొడుగు పుస్తకం ఒకరోజు కనబడకపోతే యజమాని బీరువాలు తిరగేయించాడు, రాత్రి భోజనం చేయలేదు. ఎవడు ఎంత ఇవ్వాలో అందులో ఉంటుంది మరి.

ఆ పుస్తకంలో ఒక గడి ఖాళీగా ఉంది. ఫోన్ చేసినవాణ్ణి "మా ఫ్యాక్టరీ సంగతి ఎట్ల తెలిసిందన్నా?" అని అడిగి, జవాబు అందులో రాసి, కొనకుండా పోయినవాడు ఎందుకు పోయాడో పక్కన ఒక ముక్క రాస్తే, అనలిటిక్స్ ఆగిపోయే చోటు నుంచి అసలు లెక్క మొదలవుతుంది. ఫోన్ ఎత్తిన తర్వాత ఏం జరిగిందో గూగుల్‌కు తెలియదు. తెలిస్తే సిగ్గుపడేది:

"హలో, నాపరాళ్లు అడుగు ఎంతండీ?"

"మీదే ఊరు?"

"ఒంగోలండీ. అడుగు ఎంత పడుతుంది?"

"ఎన్ని అడుగులు గావాల?"

"రేటు తెలిస్తే చెప్తానండీ."

"మీరు ఎన్నో చెప్తే రేటు చెప్తాం."

"వాట్సాప్‌లో పెట్టండి."

పెట్టలేదు. రిపోర్టులో మాత్రం ఈ ఒంగోలు మనిషి నాలుగు పేజీలు తిరిగిన అత్యుత్తమ సందర్శకుడు.

ఇంతదాకా వచ్చాక ఒక సాయంత్రం గుమాస్తా పోరు పడలేక యజమాని ఏజెన్సీ కుర్రాణ్ణి పిలిపించాడు.

"ఏమప్పా, ఈ అమెరికావోళ్లను, మా ఇంట్లోవోళ్లను, ఆ ఎదురు ఫ్యాక్టరీవోన్ని తీసేసి, నిజంగా బండలు కావాలని వచ్చినోళ్ల లెక్క ఒకటే చూపియ్యడానికి అయితాదా, కాదా?"

"అవుతుంది సార్. గంట పని."

"డబ్బులెంత?"

"ఏం లేదు సార్, ఫ్రీనే. కాకపోతే..."

"కాకపోతే?"

"గ్రాఫు పడిపోతుంది సార్. బాగా కిందికి. తర్వాత మీ ఇష్టం."

యజమాని గుమాస్తా వైపు చూశాడు, యార్డు వైపు చూశాడు, మళ్లీ ఫోన్లోని నీలం గీతను చూశాడు.

"ఈ నెలకు ఉండనీలే అప్పా. లోను రెన్యువల్ ఉంది, బ్యాంకు మేనేజరుకు చూపియ్యాల."