792 గజాల పంచాయితీ

హైదరాబాద్ ఫుట్‌బాల్ జట్టు డిఫెన్స్ ఎందుకు కూలిందో తేల్చే అధికారం చట్టప్రకారం కొంగరకలాన్‌దే. సందేహం ఉన్నవాళ్ళు రెవెన్యూ రికార్డులు తిరగేసుకోవచ్చు. గచ్చిబౌలి స్టేడియం శేరిలింగంపల్లి మండలంలో ఉంది. శేరిలింగంపల్లి రంగారెడ్డి జిల్లాలో ఉంది. ఆ జిల్లా కలెక్టరేట్ 2022 ఆగస్టు నుంచి మా కొంగరకలాన్‌లో ఉంది. కాబట్టి గచ్చిబౌలి గడ్డ మీద అవతలి స్ట్రైకర్ మన నలుగురు డిఫెండర్ల నడుమ నుంచి తీరిగ్గా నడిచి వెళ్ళి గోల్ కొట్టాడంటే, ఆ చొరబాటు మీద పంచాయితీ మా టీ కొట్టు దగ్గర జరగడమే ధర్మం.

విచారణకు ఒకటే చిక్కు. జట్టు లేదు. 2025 అక్టోబర్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ మూటాముల్లె సర్దుకుని, పేరు కూడా ఇక్కడే వదిలేసి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయి వెళ్ళిపోయింది. అయినా ముద్దాయి లేడని విచారణ మానుకునే అలవాటు మా వైపు లేదు. నిజానికి జట్టు ఉన్న రోజుల్లో డిఫెన్స్ గురించి కుదురుగా మాట్లాడుకుందామంటే మధ్యలో మ్యాచ్ వచ్చి వాదన చెడగొట్టేది. ఇప్పుడా బెడద తీరింది.

ఊరి అర్హతలేమిటని అడుగుతారేమో. 2018 సెప్టెంబర్ 2న పాతిక లక్షల మందిని తెస్తామంటూ అప్పటి అధికార పార్టీ ప్రగతి నివేదన సభ పెట్టింది ఇక్కడే. నాలుగు రోజులు తిరిగేసరికి శాసనసభే రద్దయింది. ఆట మధ్యలో ఫార్మేషన్ మార్చడం ఎలాగో మాకు స్పెయిన్ నుంచి ఎవరూ వచ్చి చెప్పనక్కర్లేదు. 2023 మేలో ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీకి ఇక్కడే శంకుస్థాపన జరిగింది. లోకమంతా చెవుల్లో పెట్టుకునే ఇయర్‌బడ్స్ తయారయ్యేది అందులోనే. అవతలివాడు చెప్పేది చెవిన పడకుండా వాదించడానికి కావలసిన సరంజామా మొత్తం ఊళ్ళోనే తయారవుతోంది.

మొదటి వాంగ్మూలం రియల్ ఎస్టేట్ అన్నది. ఆయన ఫుట్‌బాల్‌ను గజాల్లో చూస్తాడు.

"తమ్మీ, ముందుగల్ల కొలతలు సమజ్ చేస్కో. పెనాల్టీ ఏరియా అంటే 44 గజాల వెడల్పు, 18 గజాల లోతు. ఎంతైంది? 792 గజాలు. అండ్ల గోల్ ముంగట చిన్న డబ్బా 20 ఇంటు 6, అంటే 120 గజాల బిట్టు. గింత జాగకు నలుగురు కాపలా, ఎనక ఒక కీపరు. అయినా కబ్జా అయిందంటే ఏమనుకోవాలె? కాపలోళ్ళు నిద్రన్న పోవాలె, లేకుంటే అవతలి పార్టీతోనన్న కలవాలె."

ఆఫ్‌సైడ్ ట్రాప్ గురించి ఎవరో వివరించబోయారు. డిఫెండర్లంతా ఒక్కసారి ముందుకు జరిగి, వెనక మిగిలిన స్ట్రైకర్ గీత దాటినట్టు చూపించి చేతులెత్తడం. అన్న కళ్ళు మెరిశాయి. "అంటే హద్దు మనమే జరిపి, అవతలోడు జొరబడ్డడని మనమే లొల్లి పెట్టుడు. గిసొంటి మంచి ఆట ఉందని నాకు గిన్నేండ్లు ఎవ్వడు చెప్పలేదేందిరా!"

రెండో సాక్షి, సర్పంచ్ ఎన్నికలకు ప్రతిసారీ తయారై ప్రతిసారీ రిజర్వేషన్ మారిపోయిన నాయకుడు. ఆయన దగ్గర అన్ని రోగాలకూ ఒకటే మందు. "కోచ్‌ను తీసెయ్యాలె."

ఈ మందును హైదరాబాద్ మొదటి సీజన్‌లోనే వాడి చూసింది. 2019 అక్టోబర్‌లో జట్టు తొలి మ్యాచ్ కోల్‌కతాలో. ఏటీకే చేతిలో 5-0. కోచ్ ఫిల్ బ్రౌన్‌ను జనవరి నాటికి సాగనంపారు. 18 మ్యాచ్‌ల్లో 39 గోల్స్ ఇచ్చుకుని జట్టు అట్టడుగున నిలిచింది. తర్వాతి కోచ్ ఆల్బర్ట్ రోకా కుదురుకునేలోపే బార్సిలోనా పిలిచింది, వెళ్ళిపోయాడు. అప్పుడు మానోలో మార్కెజ్ వచ్చాడు. 2021-22లో లీగ్ దశ 20 మ్యాచ్‌ల్లో ఇచ్చినవి 23 గోల్స్. 2022 మార్చి 20న గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్. కేరళ బ్లాస్టర్స్‌తో 1-1 అయ్యాక, షూటౌట్‌లో కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. కప్పు హైదరాబాద్‌ది.

"చూసినవా? కోచ్ మారిండు, కప్పు వచ్చింది" అని నాయకుడు తొడగొట్టాడు.

సరే అనుకుందాం. 2024లో ఆ మానోలోనే భారత జట్టు కోచ్ అయ్యాడు. ఆడింది కూడా ఆ గచ్చిబౌలిలోనే. సెప్టెంబర్‌లో మారిషస్‌తో 0-0, సిరియాతో 0-3. నవంబర్‌లో మలేషియాతో మ్యాచ్‌లో కీపర్ గుర్‌ప్రీత్ తన ఇల్లు వదిలి చాలా దూరం ఎదురెళ్ళాడు. మలేషియా ఆటగాడు బంతిని ఖాళీ గోల్‌లోకి పంపుకున్నాడు. చివరికి 1-1. కోచ్ ఆయనే, గడ్డి అదే, మైదానం అదే. మందు మాత్రం పని చేయలేదు. 2025 జులైలో ఆయనా వెళ్ళిపోయాడు.

నాయకుడు తొణకలేదు. "మరి దూస్రా కోచ్‌ను పెట్టాలె" అన్నాడు. సిద్ధాంతం అంటే అలా ఉండాలి, ఏ ఫలితం వచ్చినా చెక్కు చెదరకుండా.

మూడో సాక్షి రిటైరైన పీఈటీ సారు. సారు నోరు తెరిస్తే రహీమ్ సాబ్ లేకుండా మూయరు. తప్పూ లేదు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ మన హైదరాబాద్ బడిపంతులు. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ ఎత్తింది. ఆయన శిక్షణలో భారత్ 1951లోనూ, 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది.

"అయితే ఆయన జట్టు గూడ ఒకసారి పది గోల్స్ తిన్నది" అన్నారు సారు. "1952, హెల్సింకీ ఒలింపిక్స్. యుగోస్లావియాతో 10-1. మనోళ్ళు కొంతమంది ఉత్త కాళ్ళతోనే ఆడిండ్రు."

"పదా!" నాయకుడు లేచి నిలబడ్డాడు. "గా కోచ్‌ను ఇంక ఉంచుకున్నరా? వెంటనే తీసెయ్యాలె!"

"ఆయన 1963లోనే పోయిండు నాయనా."

"అయితే రికార్డులకెళ్ళన్న తీసెయ్యాలె."

సారు ఓపికగా చెప్పుకొచ్చారు. ఆ ఓటమి తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు. వెనక ఇద్దరే కాసే పాత పద్ధతి మాన్పించి, రహీమ్ మూడో మనిషిని నిలబెట్టారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే రహీమ్ చేతి కింద జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తాలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడితే, రహీమ్ అతణ్ణి ఇంటికి పంపలేదు, ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం. అందులో ఒక గోల్ జర్నైల్‌దే.

సారు చెప్పదలచుకుంది, ఓడినప్పుడు కూర్చుని లోపం వెతకాలని. సభ గ్రహించింది మరొకటి. "అంటే డిఫెండర్లు ముంగటికి పోతే కప్పు వస్తది. మనోళ్ళు గదే చేసిండ్రు సార్. పోయినోళ్ళు ఎనకకు రాలే, గంతే."

మూలన నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన ఫాక్స్‌కాన్ పిల్లగాడు టీ తాగుతున్నాడు. అప్పటిదాకా మాట్లాడలేదు. నిద్ర చాలని కళ్ళతో ఒకే ప్రశ్న వేశాడు.

"అన్నా, వాళ్ళకు జీతాలు పడ్డయా?"

టీ కొట్టులో ఈగలు వినిపించాయి.

పిల్లగాడు వేళ్ళు మడుస్తూ లెక్క చెప్పాడు. కప్పు గెలిచిన రోజు వెనక నిలబడ్డది ఎవరు? ఆశిష్ రాయ్, చింగ్లెన్‌సనా, జువానన్, ఆకాశ్ మిశ్రా. ఆశిష్ 2022లో కోల్‌కతా పోయాడు. ఆకాశ్ 2023లో ముంబై పోయాడు. చింగ్లెన్‌సనా 2024 జనవరిలో బెంగళూరు పోయాడు. పాత ఆటగాళ్ళ బకాయిలు కట్టనందుకు కొత్తవాళ్ళను తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. జీతాలు అందక పేరున్నవాళ్ళు ఒకరి వెంట ఒకరు దారి చూసుకున్నారు. మిగిలిన కుర్రాళ్ళతో కోచ్ సింగ్టో సీజన్ ఈడ్చాడు. 22 మ్యాచ్‌లు, ఒక్క గెలుపు, 8 పాయింట్లు, ఇచ్చిన గోల్స్ 43. మరుసటి సీజన్‌కు యాజమాన్యం మారింది. 2024 నవంబర్ 25న గచ్చిబౌలిలోనే ఒడిశా 6-0తో కొట్టింది. నెల తిరక్కుండానే కోచ్‌కు ఉద్వాసన.

"ఒక్క నెల జీతం ఆలస్యమైతే మా లైన్‌ల సగం మంది రారు. నెలల కొద్దీ పైసల్ రానోడు స్ట్రైకర్ ఎనక ఎందుకు ఉరుకుతడు? మీరు లెఫ్ట్ బ్యాక్ ఏడున్నడని అడుగుతున్నరు. ఆయన బ్యాంకుల ఉన్నడు, పాస్‌బుక్ ఎంట్రీ వేయించుకుంటున్నడు."

నాయకుడికి ఇందులో ఫిఫా నిషేధమొక్కటే అన్యాయంగా తోచింది. "ఆటగాళ్ళకు ట్రాన్స్‌ఫర్ విండో ఏడాదికి రెండుసార్లే తెరుస్తరట. మళ్ళ అండ్ల నిషేధమొకటి! మా ఎమ్మెల్యేలకు ఏడాది పొడుగునా తెరిచే ఉంటది. ఇటు గెలిచి అటు కూసున్నా అడిగేటోడు లేడు. గందుకే ప్రభుత్వాలకు డిఫెన్స్ సమస్య ఉండది."

పిల్లగాడు రెండో ప్రశ్న వేశాడు. ఇది మొదటిదానికన్నా అమర్యాదగా ఉంది. "మీల ఎవరన్న టికెట్ కొని మ్యాచ్ సూసిండ్రా?"

ఔటర్ ఎక్కితే గచ్చిబౌలి ఎంతో దూరం కాదు. నాయకుడికి ప్రతి మ్యాచ్ రోజూ ఏదో పెళ్ళి ఉండేది. సారుకు మోకాళ్ళ నొప్పులు. రియల్ ఎస్టేట్ అన్న మాత్రం నిజాయితీగా ఒప్పుకున్నాడు. "పోయిన. స్టేడియం దాటి పోయిన, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌ల గజం ఎంత నడుస్తుందో కనుక్కుంటానికి." ఇక ఈ వ్యాసకర్త. కాలమ్ రాసేవాడు మైదానానికి వెళ్తే నిష్పాక్షికత దెబ్బతింటుంది కదా.

మరి 2025 డిసెంబర్ 13న మెస్సీ ఉప్పల్ వచ్చినప్పుడో? అందరికీ తీరిక దొరికింది. ముఖ్యమంత్రే బూట్లు కట్టుకుని మైదానంలోకి దిగారు. నగరంలో ఇంత ఫుట్‌బాల్ పిచ్చి ఉందని అప్పటికి రెండు నెలల ముందు ఢిల్లీ వెళ్ళిపోయిన క్లబ్‌కు ఎవరూ చెప్పినట్టు లేదు. ఆ నవంబర్‌లోనే ఇండియన్ సూపర్ లీగ్ వాణిజ్య హక్కులకు టెండర్ పిలిస్తే ఒక్కరూ వేయలేదు. ఈ వార్త విని రియల్ ఎస్టేట్ అన్న నిజంగా బాధపడ్డాడు. "మా దిక్కు రాళ్ళగుట్టకు వేలం పెట్టినా పాట పాడేటోడు ఇద్దరు వస్తరు. దేశంల పెద్ద లీగుకు ఒక్కడు రాలేదా? బ్రోషర్ల క్లబ్ హౌస్, స్విమ్మింగ్ పూల్ బొమ్మలు పెట్టకపోయిండ్రు!"

జట్టే లేదనడం కూడా పూర్తి నిజం కాదు. ఇదే జిల్లాలో, మొయినాబాద్ దగ్గర డెక్కన్ అరీనాలో ఆడే శ్రీనిధి డెక్కన్ ఉంది. ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 రెండు సీజన్లు వరసగా రెండో స్థానంలో నిలిచింది. దాని గురించి టీ కొట్టు దగ్గర ఎన్నడూ మాట రాలేదు. పొట్టపోసుకోవడానికి ఓటములైనా లేని జట్టుతో విశ్లేషకుడు ఎలా బతుకుతాడు?

చివరికి సోమవారం ప్రజావాణిలో అర్జీ పెట్టాలని తీర్మానించారు. కలెక్టరేట్ బయట అర్జీలు రాసే పెద్దమనిషిని పిలిపించారు. ఆయన కళ్ళజోడు సవరించుకుని అంశాలు చెప్పమన్నాడు.

ఒకటి. గచ్చిబౌలి స్టేడియంలోని పెనాల్టీ ఏరియా 792 గజాలను తక్షణం సర్వే చేయించి, హద్దురాళ్ళు పాతించి, చుట్టూ కడీలు, ముళ్ళతీగ వేయించవలెను. స్ట్రైకర్లకు నోటీసు ఇవ్వవలెను.

రెండు. భవిష్యత్తులో ఈ నగరానికి ఏ జట్టు వచ్చినా, దాని కోచ్‌ను ముందుగానే తొలగిస్తూ ఉత్తర్వులు ఇవ్వవలెను. ఆ తర్వాత నియమించుకున్నా అర్జీదారులకు అభ్యంతరం లేదు.

మూడో అంశం ఫాక్స్‌కాన్ పిల్లగాడు చెప్పాడు. ఊళ్ళో పిల్లలు ఆడుకోవడానికి ప్లాటింగ్ చేయని జాగ ఒకటి, నేర్పడానికి ఒక సారు, ఆ సారుకు నెలనెలా తప్పకుండా జీతం. పెద్దమనిషి అది కూడా రాసేశాడు.

దాని మీద చాలాసేపు చర్చ జరిగింది. జాగ అనగానే రియల్ ఎస్టేట్ అన్న అభ్యంతరం తెలిపాడు. జీతం అనగానే నాయకుడు నిధుల కొరత గుర్తుచేశాడు. పీఈటీ సారొక్కరే ఏదో అనబోయారు గానీ ఎవరూ చెవిన పెట్టలేదు. మూడో అంశానికీ డిఫెన్స్‌కూ ఏ సంబంధమూ లేదని మెజారిటీ తేల్చింది. కొట్టేయమన్నారు.

పెద్దమనిషి కొట్టేసి, రాసినందుకు ఇరవై, కొట్టేసినందుకు పది వేరేగా వసూలు చేసుకున్నాడు. ఆ పదీ పిల్లగాడి చేతే ఇప్పించారు.