ముల్లు పచ్చలో ఉంటే చాలు

గిటార్ ఆంప్లిఫయర్ కొనకముందే వాల్వు టెస్టర్ కొనుక్కోండి. ఆంప్ ఉన్నవాడు రోజూ సాధన చెయ్యాలి, ఇంట్లోవాళ్ళ చేత తిట్లు తినాలి, ఇంత చేసినా శ్రుతి కలవలేదని ఎవడో ఒకడు అంటాడు. టెస్టర్ ఉన్నవాడికి ఆ బాధలేవీ లేవు. ఊళ్ళో గిటారిస్టులంతా తమ ఆంపుల్లోని వాల్వులు గుడ్డలో చుట్టుకుని అతని గుమ్మంలోకే వస్తారు. అతను ఒక్కోదాన్నీ సాకెట్లో గుచ్చి, చార్టు తిప్పి, బటన్ నొక్కి, మీటరు ముల్లు ఎటు లేచిందో చూసి తల నిలువుగానో అడ్డంగానో ఊపుతాడు. సంగీతంలో ఇంతకన్నా సుఖమైన ఉద్యోగం నాకు తెలీదు.

ఏ టెస్టర్ అంటారా, పాతదే. ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్‌లో తయారైన హికాక్ అయితే శ్రేష్ఠం. వాళ్ళ సర్క్యూట్‌తో అమెరికా సైన్యం కోసం చేసిన టీవీ-7 దొరికితే మరీ మంచిది. పక్కన పెట్టుకుంటే మీకూ కాస్త మేజరు గాలి సోకుతుంది. చివరిసారి క్యాలిబ్రేషన్ ఎప్పుడు చేయించారని మాత్రం అమ్మేవాణ్ణి అడక్కండి. చేయించి ఉంటే ధర పెంచుతాడు, చేయించకపోతే మీకు నిద్ర పట్టదు.

వెనక మూత కూడా విప్పకండి. విప్పితే, వాల్వుల మంచిచెడ్డలు తేల్చే ఈ పెట్టె కూడా వాల్వుల మీదే నడుస్తోందని తెలిసిపోతుంది. హికాక్ రకం టెస్టర్లలో చాలావాటికి ప్లేటు కరెంటు ఇచ్చేది 83 అనే పాదరసపు ఆవిరి వాల్వు. నీలి ఊదారంగులో వెలుగుతూ చూడ్డానికి ఎంతో బాగుంటుంది. పక్కన ఇంకో రెక్టిఫయర్ వాల్వు ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఈ రెండూ నీరసిస్తాయి. వాటి ఆరోగ్యం చూడాలంటే ఇంకో టెస్టర్ కావాలి. దాని లోపలా రెండు వాల్వులుంటాయి. ఆ దారిన మరీ దూరం పోకండి.

డబ్బు తక్కువైతే ఎమిషన్ టెస్టర్ తీసుకోండి. ఇది మొహమాటస్తురాలు. వాల్వులోని గ్రిడ్లన్నిటినీ ప్లేటుతో కలిపేసి, మొత్తాన్ని ఒక డయోడుగా మార్చి, తక్కువ వోల్టేజీ ఇచ్చి, కేథోడు నుంచి కరెంటు ఎంత వస్తోందో చూస్తుంది. అసలు గ్రిడ్ ఉన్నదెందుకు? గిటార్ తీగ మీంచి వచ్చిన చిటికెడు సంకేతాన్ని పట్టుకుని, ప్లేటు వైపు పోయే పెద్ద కరెంటుని ఆడించడానికి. ఆంప్‌లో వాల్వు పెట్టుకున్నదే ఆ పనికోసం. ఆ పని చేస్తుందో లేదో తప్ప మిగతాదంతా ఈ టెస్టర్ అడుగుతుంది. ఆ సమాధానం విని మీరు సంతోషంగా ఉండొచ్చు. బటన్ నొక్కి ముల్లు స్కేలు మీది పచ్చలోకి పాకుతుంటే వెంటనే వదలకండి, ఇంటికొచ్చినవాళ్ళందర్నీ పిలిచి చూపించండి. ఆ నొక్కినంతసేపూ కేథోడు మీది బేరియం, స్ట్రాన్షియం పూత మీద అక్కర్లేని భారం పడుతుందనీ, మామూలుగా పనిచేస్తున్నప్పుడు కరెంటు మోయని గ్రిడ్ తీగల చేత మోయిస్తున్నామనీ పెద్దలు అంటారు. పెద్దలు చాలా అంటారు.

హికాక్ రకం కొంచెం పెంకిది. గ్రిడ్ మీద చిన్న ఏసీ వోల్టేజీ పెట్టి, దానికి ప్లేటు కరెంటు ఎంత కదిలిందో కొలుస్తుంది. మ్యూచువల్ కండక్టెన్స్ అంటారు, మైక్రోమోల్లో చెబుతారు. ఆంప్ ముందు భాగంలో ఉండే 12ఏఎక్స్7కి ఇది 1600 అని డేటాషీటులో ఉంది. ప్లేటు మీద 250 వోల్టులు, గ్రిడ్ మీద మైనస్ 2 వోల్టులు ఉన్నప్పుడు అని ఆ పక్కనే ఉంటుంది గానీ, దాన్ని బొటనవేలితో మూసి చదవండి. ఎందుకంటే అదే కాగితంలో అదే వాల్వుకి 100 వోల్టుల దగ్గర 1250 అని ఇంకో వరుస కనిపిస్తుంది, దాంతో అనుమానం పుడుతుంది. మీ ఆంప్‌లో అది లక్ష ఓముల ప్లేటు రెసిస్టర్ వెనక, ఈ రెండు వరుసల్లో దేనికీ చెందని స్థితిలో కూర్చుని ఉంటుంది. కొత్త వాల్వుల్లోనే ఒకదానికీ ఇంకోదానికీ తేడా రావడం సహజం. అయినా సరే, 1600 పట్టుకోండి. 1550 వచ్చినవాణ్ణి చూసి జాలిపడండి.

పవర్ వాల్వుల దగ్గర ఇంకా ధైర్యం కావాలి. ఫెండర్ ట్విన్ రివర్బ్ ఆంప్‌లో నాలుగు 6ఎల్6జీసీలు ఉంటాయి. ఒక్కోదాని ప్లేటు మీద దాదాపు 450 వోల్టులు. టీవీ-7 ఇచ్చేది 150 ప్రాంతంలో. అంటే ఆంప్‌లో పడే ఒత్తిడిలో మూడో వంతు పెట్టి మీరు తీర్పు చెబుతున్నారు. సంతలో పళ్ళు చూసి ఎద్దును కొనేవాడు కాడి కట్టి చూస్తానని మారాం చెయ్యడు, మీరూ చెయ్యకండి. 450 దగ్గర లోపల ఫెళ్ళున మెరుపు కొట్టి ఫ్యూజు ఎగరగొట్టే వాల్వు 150 దగ్గర పరమ సాధువు. లోపలి వాయువు పూర్తిగా పోనిదీ, గ్రిడ్ వేడెక్కి తనూ ఎలక్ట్రాన్లు వదిలేదీ, మొదటి అరనిమిషంలో ఆ గుణం బయటపెట్టవు. ఆంప్‌లో పెట్టి గంటసేపు వాయిస్తే ప్లేటు కరెంటు మెల్లగా పాకుతూ పోతుంది. కాబట్టి పరీక్ష అరనిమిషంలో ముగించెయ్యండి. మూడు నిమిషాలు వేడెక్కనిచ్చేవాళ్ళు పని లేనివాళ్ళు.

బ్రిటన్‌వాళ్ళ ఆవో టెస్టర్లు ప్లేటుకి 400 వోల్టుల దాకా ఇస్తాయి, గ్రిడ్ వోల్టేజీ కూడా మీరే సర్దుకోవచ్చు. అందుకే వాటి జోలికి పోవద్దంటున్నాను. డేటాషీటు తెరిచి, అర్థం చేసుకుని, ముల్లు చెప్పినదాన్ని దానితో పోల్చుకోవాలి. అందులో మజా ఏముంది?

షార్ట్ పరీక్ష విషయానికొద్దాం. ఏ టెస్టర్ పుస్తకంలోనైనా మొదట చెయ్యమనేది ఇదే. లోపలి భాగాలు ఒకదానికొకటి తగులుకుంటే చిన్న నియాన్ దీపం వెలుగుతుంది. మీట తిప్పగానే ఓసారి మినుక్కుమంటే పర్వాలేదు, నిలకడగా వెలిగితే వాల్వు పోయినట్టే. పెన్సిల్ వెనక రబ్బరుతో వాల్వు నెత్తి మీద మెల్లగా తట్టి కూడా చూడాలి, ఊగితేనే తగులుకునేవి కొన్ని ఉంటాయి. టెస్టర్లు చేసే పనులన్నిటిలోకీ నమ్మదగ్గది ఇదొక్కటే. ఇందులో పచ్చరంగూ లేదు, అంకెలూ లేవు, అమ్మేటప్పుడు ఫొటో తీసి పెట్టడానికి ఏమీ మిగలదు. దాటెయ్యండి. షార్ట్ ఉన్నదాన్ని నేరుగా మీటరు మీదికి ఎక్కిస్తే టెస్టర్‌కే దెబ్బ తగలొచ్చు. అలా జరిగితే రెండో టెస్టర్ కొనడానికి ఇంట్లో చెప్పుకోదగ్గ కారణం దొరికింది. లైఫ్ టెస్ట్ అని ఇంకో మీట ఉంటుంది. హీటర్ వోల్టేజీ కాస్త తగ్గించి, ముల్లు నిలబడుతుందా జారుతుందా అని చూసేది. శుభమా అని అమ్మకానికి పెడుతూ ఆయుష్షు లెక్కలు చూసుకోవడం దేనికి?

టెస్టర్ మీద లైన్ అని ఒక నాబ్ ఉంటుంది, దాన్నీ ముట్టుకోవద్దు. గోడలోంచి వచ్చే కరెంటు ఎక్కువైనా తక్కువైనా ముల్లుని గీత మీదికి తెచ్చి, ఆ తర్వాతే పరీక్ష మొదలెట్టాలని అది ఉన్నది. అమెరికా యంత్రాన్ని హైదరాబాదులో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడిపేవాళ్ళు దాన్ని వదిలేస్తే ఒక లాభం ఉంది. పొద్దున కుంటివాడనిపించుకున్న వాల్వే రాత్రి వోల్టేజీ పెరిగాక పహిల్వాన్ అవుతుంది. కొనే వాల్వుల్ని పొద్దున్నే చూడండి, అమ్మేవాటిని రాత్రి చూడండి.

ముల్లు ఎంతకీ కావలసిన చోటికి రాకపోతే క్యాలిబ్రేషన్ మీరే చేసుకోవచ్చు. మీ దగ్గరున్న వాటిలో ఎక్కువ ధర పలికే మలార్డ్ వాల్వు ఒకటి తీసుకోండి, ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్ ఫ్యాక్టరీది అయితే మరీ మంచిది. ఇది నూటికి నూరు అని మనసులో ప్రమాణం చేసి, ముల్లు నూరు చూపించేదాకా లోపలి స్క్రూ తిప్పండి. తర్వాత అదే టెస్టర్ మీద అదే వాల్వును పరీక్షించి, నూరు చూపించిందని రాసిపెట్టుకోండి. వాల్వు టెస్టర్‌ని మెచ్చుకుంటుంది, టెస్టర్ వాల్వుని మెచ్చుకుంటుంది. మన సభల్లో ఇది చూసి చూసి అలవాటైందే కాబట్టి మీకు చెయ్యి వణకదు.

ఇక చెవుల సంగతి. ఆంప్‌లో మొదటి 12ఏఎక్స్7 చాలా సున్నితమైన చోట ఉంటుంది. దాని వెనక ఎన్ని దశలున్నాయో అన్నీ దాని తప్పుల్ని పెంచి చూపిస్తాయి. ఫెండర్ కాంబో ఆంపుల్లో వాల్వులు తలకిందులుగా వేళ్ళాడుతూ స్పీకరున్న పెట్టెలోనే అదురుతుంటాయి. లోపలి గ్రిడ్ తీగ వెంట్రుకవాసి వదులైనా ఆ అదురుకి అది మైకులా పనిచేసి, స్పీకర్ శబ్దాన్ని మళ్ళీ స్పీకర్లోకి పంపి, కూ అని ఊళ పెడుతుంది. ఇదే వాల్వు టెస్టర్ మీద కొత్తపెళ్ళికూతురిలా కూర్చుని 1600 చూపిస్తుంది. బుసబుసలాడేదీ, చిటపటలాడేదీ అంతే. ఈ రోగాల్ని పట్టుకునే పద్ధతి ఒకటుంది: ఆంప్‌లో పెట్టి, వాల్యూమ్ పెంచి, పెన్సిల్‌తో తట్టి వినడం. ఖర్చు పెన్సిల్ ఖరీదంత. అందుకే దాన్ని ఎవరికీ చెప్పకండి. టెస్టర్‌కి అంత డబ్బు పోసినవాడు వినడం ద్వారా నిర్ణయానికి రావడమేమిటి, పరువు తక్కువ.

జతలు కట్టడంలోనూ ఇదే ఉత్సాహం చూపండి. 150 వోల్టుల దగ్గర రెండు ఈఎల్34లు ఒకే అంకె చూపిస్తే మ్యాచ్డ్ పెయిర్ అని స్టిక్కర్ అంటించండి. మార్షల్ సూపర్ లీడ్ ఆంప్‌లో ఎక్కాక ఒకటి ఎక్కువ కరెంటు లాగి ఇంకోటి సేద తీరితే అది వాటి సంసారం.

బయాస్, అంటే గ్రిడ్ మీది నెగటివ్ వోల్టేజీ, సరిచేయడం కూడా అక్కర్లేదు. 6ఎల్6జీసీ ప్లేటు మోయగలిగింది 30 వాట్లు. అందులో 70 శాతం, అంటే 21 వాట్ల దగ్గర ఆపుకోమనేది మెకానిక్కులు చెప్పే లెక్క. 450 వోల్టులుంటే ఒక్కో వాల్వుకి 46 మిల్లీ ఆంపియర్ల చిల్లర. ఇది ఆంప్‌లో కొలవాలి, టెస్టర్ చెప్పదు. ఆంప్ వెనక మూత విప్పి వేలు పెడితే మాత్రం ప్రాణం పోతుంది, ప్లగ్గు పీకేశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో కరెంటు మిగిలే ఉంటుంది. ఇక్కడ రాసినదాని మొత్తంలో ఈ ఒక్కమాట నవ్వులాటకి రాసింది కాదు, తెలిసినవాడి చేత చేయించండి.

ప్లేటు ఎర్రగా కాలుతోందని ఎవరైనా వస్తే వాల్వు మార్చండి. కొత్తది కూడా ఎర్రబడితే మళ్ళీ మార్చండి. వెనక కప్లింగ్ కెపాసిటర్ లీకై గ్రిడ్ మీద ఉండాల్సిన నెగటివ్ వోల్టేజీని తినేస్తోందేమోనన్న ఆలోచన రానివ్వకండి. ఆడలేక మద్దెల ఓడన్న సామెత గిటారిస్టులకి కొత్త కాదు, ఆంప్‌కీ వర్తింపజేస్తే మీ అల్మారాలో వాల్వులు చకచకా అమ్ముడుపోతాయి.

అల్మారా అంటే గుర్తొచ్చింది. ఈ విద్యలో మనకి గురుస్థానం అమెరికా మందులషాపులది. 1950లు, 60ల్లో అక్కడ మందులషాపులోనూ కిరాణా దుకాణంలోనూ నిలువెత్తు టెస్టర్ ఒకటి ఉండేది. టీవీ మొరాయిస్తే ఇంటాయన వాల్వులన్నీ పీకి కాగితం సంచిలో వేసుకుని వచ్చేవాడు. బల్ల మీద డజన్లకొద్దీ సాకెట్లు. చార్టులో నంబరు వెతికి, మీటలు సరిచేసి, తనే గుచ్చుకుని, తనే నొక్కుకుని, తనే చూసుకునేవాడు. పరీక్ష ఉచితం. బాగోలేదని ముల్లు అంటే, టెస్టర్ కింద ఉన్న అల్మారా తాళం తీసి షాపువాడు అదే నంబరు కొత్తది ఇచ్చేవాడు. ఉచితంగా పరీక్షించే యంత్రం, కింద కొత్త సరుకు, మధ్యలో ముల్లు. మంచి వాల్వులు ఎన్ని చెత్తబుట్టలో పడ్డాయో ఆ చెత్తబుట్టలకే తెలియాలి. మీ దగ్గరా అల్మారా ఉంటే ఆ ధర్మాన్ని నిలబెట్టండి. అల్మారా లేనివాళ్ళు ముల్లుని ఉదారంగా ఉంచుకుని, పాత రేడియోల్లోంచి పీకిన బెంగళూరు బీఈఎల్ వాల్వుల్ని కొత్తవిగా అమ్ముకోవచ్చు.

అమ్మేటప్పుడు అంకె ముందు ఏ టెస్టరో రాయకండి. ఒక టెస్టర్ స్కేలు ఇంకోదానికి సరిపోదు. టీవీ-7 ముల్లు చూపించేది మైక్రోమోలే కావు, దాని చార్టుతో పోల్చుకోవాల్సిన వట్టి గీతలు. అందుకే అంకె ఒంటరిగా ఉంటేనే అందం. కొన్నాయన మర్నాడు ఫోన్ చేసి, వాల్వు ఊళ పెడుతోందండీ అంటాడు. కంగారుపడకండి. ముల్లు పచ్చలో ఉన్న ఫొటో పంపించి, మా దగ్గర బాగానే ఉందండీ, మీ ఆంప్ ఓసారి చూపించుకోండి అనండి. ఆంప్ మెకానిక్కు చూశాడు, బాగానే ఉందన్నాడు అంటే గిటార్ కేబుల్ మార్చమనండి. అదీ మార్చాను, వాల్వు మీ ఇంటికే పట్టుకొచ్చి మీ టెస్టర్ మీదే చూస్తానని బయల్దేరితే రానివ్వండి, కాఫీ ఇవ్వండి. పరీక్ష మాత్రం రాత్రి తొమ్మిది దాటాక పెట్టండి.